టికెట్టు కంటే ముందు ఫిర్యాదు

యుఎఇలో జీతం బాకీ, గ్రాట్యుటీ కోసం లేబర్ ఆఫీసు, కోర్టు గడప తొక్కేదెట్లా?

గల్ఫ్‌లో కష్టపడే మన తెలుగువాళ్లు ఎండకు భయపడరు, ఎత్తుకు భయపడరు. భయపడేది ఒక్క ఆఫీసుకే. మూడు నెలల జీతం ఆగినా, ఏళ్ల సర్వీసుకు రావలసిన గ్రాట్యుటీ ఎగ్గొట్టినా, "పోనీలే, ఆరోగ్యంతో ఇల్లు చేరితే చాలు" అనుకుని విమానం ఎక్కేస్తారు. యుఎఇలో భవన నిర్మాణ సైట్లలో సూపర్‌వైజర్లుగా ఉన్న మేము ఇది ఏటా చూస్తూనే ఉన్నాం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాలు... ఎక్కడివాళ్లయినా అడిగే మాట ఒకటే. "కోర్టంటే మనతోని అయితదా సార్? వకీలుకు పైసలేడికెల్లి తేవాలె? అరబ్బీల ఎవరు మాట్లాడాలె?"

అవుతుంది. చాలా కేసుల్లో వకీలు అవసరమే రాదు. కోర్టు దాకా పోవలసిన పని కూడా ఉండదు. కాకపోతే రెండు షరతులు. ఒకటి, ఈ దేశంలో ఉండగానే ఫిర్యాదు పెట్టాలి. రెండు, చేతిలో కాగితం ఉండాలి. ఈ రెండూ ఉన్నవాడి పని ఎంత తేలికవుతుందో, లేనివాడి పని ఎంత కష్టమవుతుందో మా కళ్లముందు జరిగిన ఒక సంగతి చెబుతాం.

పదకొండు మందిలో ఇద్దరు

2025లో మేము పనిచేస్తున్న సైటులో ఒక సబ్‌కాంట్రాక్టరు కింద 11 మంది స్టీల్ ఫిక్సర్లు ఉండేవాళ్లు. మూడు నెలలు జీతం రాలేదు. "పేమెంటు రాలేదు, వచ్చే వారం చూద్దాం" అనే మాటతోనే మూడు నెలలు గడిచాయి. ఆ తర్వాత ఒకరోజు కంపెనీ మనిషి క్యాంపుకు వచ్చి, పని అయిపోయింది, అందరికీ టికెట్లు తీశాం, తలకు 2,000 దిర్హాములు ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నాడు. వీసా, లేబర్ కార్డు రద్దు చేసే కాగితం అది. "నాకు రావలసినవన్నీ ముట్టాయి" అన్న ముక్క అందులో ఉంటుంది.

తొమ్మిది మంది సంతకం పెట్టారు. ఇంట్లో పెళ్లి ఉన్నవాడు ఒకడు, అమ్మకు బాగాలేనివాడు ఒకడు, విసిగిపోయినవాళ్లు మిగతావాళ్లు. ఎవరినీ తప్పుపట్టలేం. మూడు నెలలుగా మెస్సు బిల్లు అప్పు పెట్టి తింటున్న మనిషికి 2,000 దిర్హాములు చిన్న మొత్తం కాదు. ఇద్దరు మాత్రం పెట్టలేదు. "లెక్క చూపించు, అప్పుడు పెడతాం" అన్నారు. మరుసటి రోజే ఫిర్యాదు చేశారు.

ఆ ఇద్దరిలో ఒకాయన లెక్క ఇది. సర్వీసు ఆరేళ్లు. ఒప్పందంలో బేసిక్ 1,000 దిర్హాములు, అలవెన్సులు 400. చట్టం ప్రకారం గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజుల బేసిక్. బేసిక్‌ను 30తో భాగిస్తే రోజుకు 33 దిర్హాముల చిల్లర. 21 రోజులకు 700. ఐదేళ్లకు 3,500. ఆరో ఏటికి 1,000. మొత్తం గ్రాట్యుటీ 4,500. ఆగిన మూడు నెలల జీతం 4,200. వాడుకోని 30 రోజుల సెలవుకు బేసిక్ లెక్కన 1,000. అన్నీ కలిపితే 9,700 దిర్హాములు. టికెట్టు వేరే.

కంపెనీ ఇస్తానన్నది 2,000. రావలసింది 9,700. ఆ తేడాయే ఒక సంతకం ఖరీదు. ఆ ఇద్దరికీ సొమ్ము ముట్టింది. వాళ్లు కోర్టు ముఖం కూడా చూడలేదు.

ఏ ఆఫీసుకు పోవాలి?

జీతం, గ్రాట్యుటీ, సెలవు డబ్బు, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం లాంటివన్నీ మానవ వనరులు, ఎమిరటైజేషన్ మంత్రిత్వ శాఖ చూస్తుంది. మనవాళ్ల నోట ఇది "లేబర్ ఆఫీసు" లేదా "మక్తబ్ అమల్". జీతం రాలేదని పోలీస్ స్టేషనుకు పోయినా అక్కడా ఇటే పంపిస్తారు. కొట్టినా, బెదిరించినా, గదిలో పెట్టి తాళం వేసినా అది పోలీసు కేసు. ఈ రెంటినీ కలపొద్దు.

ఫ్రీ జోన్‌లో పనిచేసేవాళ్లు ముందు ఆ జోన్ అధికారుల దగ్గరున్న కార్మిక విభాగంలో అడగాలి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు, ఇంటి డ్రైవర్లకు 2022లో వేరే చట్టం వచ్చింది. వాళ్ల ఫిర్యాదులు కూడా ఇదే మంత్రిత్వ శాఖకు వెళ్తాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వచ్చిన మన అక్కచెల్లెళ్లకు ఈ మాట చేరవెయ్యండి. "మాకు లేబర్ ఆఫీసు వర్తించదు" అనుకునేవాళ్లు వాళ్లలో ఇంకా ఉన్నారు.

ఫిర్యాదు పెట్టడానికి టాక్సీ ఎక్కి ఆఫీసులు తిరగనక్కర్లేదు. మంత్రిత్వ శాఖ మొబైల్ యాప్‌లో పెట్టొచ్చు, వెబ్‌సైటులో పెట్టొచ్చు, కార్మిక ఫిర్యాదుల నంబరు 80084కు ఫోను చేసి పెట్టొచ్చు. ఎమిరేట్స్ ఐడీ, లేబర్ కార్డు వివరాలు, మీ పేరుమీదున్న ఫోను నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత వచ్చే కబుర్లన్నీ ఆ నంబరుకే వస్తాయి. కాబట్టి కేసు తేలేదాకా సిమ్ మార్చొద్దు, రీచార్జి ఆపొద్దు. ఫోను మూగబోయి తారీకు తప్పిపోయినవాళ్లను చూశాం.

ఉద్యోగంలో ఉంటూనే జీతం ఆలస్యమవుతోందని చెప్పాలి, పేరు మాత్రం బయటికి రావొద్దు అనుకుంటే దానికీ దారి ఉంది. మంత్రిత్వ శాఖ దగ్గర "మై శాలరీ" అనే సేవ ఉంది. అందులో ఫిర్యాదు చేసినవాళ్ల పేరు గోప్యంగా ఉంచుతారు. క్యాంపులో పదిమందికి జీతం ఆగితే, పదిమందీ ఎవరికి వాళ్లు అందులో చెప్పొచ్చు.

ఫిర్యాదు తర్వాత ఏం జరుగుతుంది?

మొదట రాజీ ప్రయత్నం. అధికారి రెండు పక్షాలతో మాట్లాడతారు. దీనికి సాధారణంగా 14 రోజుల గడువు. కంపెనీ తరఫున పిఆర్‌ఓ వస్తాడు. మనవాళ్లు మండూబ్ అంటారే, ఆయనే. చాలా ఫిర్యాదులు ఇక్కడే ఒక కొలిక్కి వస్తాయని మా అనుభవం. లేబర్ ఆఫీసులో కేసు తేలకుండా ఉంటే కొత్త వీసాలు తీసుకోవడం తమకు ఇబ్బందని కంపెనీలకు తెలుసు.

రాజీ కుదరకపోతే పాత రోజుల్లో ఫైలు నేరుగా కోర్టుకు పోయేది. 2024 నుంచి ఈ పద్ధతి మారింది. బాకీ మొత్తం 50,000 దిర్హాములు మించకపోతే మంత్రిత్వ శాఖే తీర్పు లాంటి నిర్ణయం ఇస్తుంది. అంతకుముందు కుదిరిన రాజీని కంపెనీ తప్పినా, మొత్తం ఎంతయినా, మంత్రిత్వ శాఖే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాన్ని కోర్టు తీర్పులాగే అమలు చేయించుకోవచ్చు. మన కూలీల, మేస్త్రీల, కార్పెంటర్ల బాకీలు దాదాపు అన్నీ 50,000 లోపే ఉంటాయి కాబట్టి ఇది మనకు పెద్ద మేలు.

నిర్ణయం నచ్చనివాళ్లు, అటు కంపెనీ అయినా ఇటు కార్మికుడైనా, నోటీసు అందిన 15 పనిదినాల్లో ఫస్ట్ ఇన్‌స్టాన్స్ కోర్టుకు పోవచ్చు. కోర్టు 3 పనిదినాల్లో విచారణ తేదీ వెయ్యాలి, 30 పనిదినాల్లో తేల్చాలి. ఆ తీర్పే ఆఖరు. కంపెనీ కోర్టుకు పోతే అప్పటిదాకా అమలు ఆగుతుంది. అది చూసి "ఇంకేముంది, మళ్లీ మొదటికొచ్చింది" అని నిరాశపడొద్దు. నెల, నెలన్నర ఓపిక పట్టాల్సిన దశ అది.

50,000 దాటిన కేసుల్లో మంత్రిత్వ శాఖ తన అభిప్రాయం రాసి ఫైలును కోర్టుకు పంపుతుంది. సైటు ఇంజనీర్లు, చాలా ఏళ్లు పనిచేసిన ఫోర్‌మన్‌ల కేసులు ఇందులోకి వస్తాయి.

కోర్టు ఫీజు ఎంత?

లక్ష దిర్హాముల లోపు కార్మిక కేసుకు కోర్టు ఫీజు లేదు. కింది కోర్టులోనే కాదు, అన్ని దశల్లోనూ, తీర్పు అమలు చేయించుకునే దశలోనూ మినహాయింపు ఉంది. చట్టంలో రాసిన మాట ఇది. "పదివేల బాకీ కోసం పదివేలు ఖర్చు" అని ఎవరైనా భయపెడితే నమ్మొద్దు.

భాష సంగతికొస్తే, కోర్టు భాష అరబ్బీ. మనం ఇచ్చే కాగితాలు వేరే భాషలో ఉంటే న్యాయశాఖ లైసెన్సు ఉన్న అనువాదకుడితో అరబ్బీ చేయించాలి. కొంత ఖర్చయ్యేది ఇక్కడే. అబుధాబిలో 2019 నుంచి కార్మిక కేసుల దరఖాస్తులకు అరబ్బీ, ఇంగ్లిష్‌తో పాటు హిందీ కూడా చేర్చారు. హిందీ చదవగలిగిన మనవాళ్లకు అది అక్కరకొస్తుంది. విచారణలు ఎక్కువగా వీడియోలోనే జరుగుతున్నాయి. క్యాంపు గదిలో కూర్చుని ఫోనులో హాజరు కావొచ్చు. గొడవలేని చోట, సిగ్నల్ ఉన్న చోట కూర్చోండి. అంతే.

ఇంకొక ముఖ్యమైన మాట. తీర్పు వస్తే డబ్బు వచ్చినట్టు కాదు. కంపెనీ గడువులో కట్టకపోతే మనమే ఎగ్జిక్యూషన్ ఫైలు తెరిపించాలి. కంపెనీ బ్యాంకు ఖాతాలు జప్తు చేసే అధికారం ఆ కోర్టుకు ఉంటుంది. తీర్పు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకుని, "నేను గెలిచిన" అని చెప్పుకుంటూ ఇంటికి పోయినవాళ్లు ఉన్నారు. కాగితం గెలిచింది, జేబు గెలవలేదు.

కంపెనీ దివాలా తీసి కట్టలేని స్థితిలో ఉంటే? 2018 నుంచి యజమానులు ప్రతి కార్మికుడికి బ్యాంకు గ్యారంటీకి బదులు బీమా తీసుకునే పద్ధతి వచ్చింది. యజమాని చేతులెత్తేస్తే ఆ బీమా నుంచి ఒక్కొక్కరికి 20,000 దిర్హాముల దాకా బాకీ, తిరుగు ప్రయాణం ఖర్చు రాబట్టవచ్చు. కార్మికుల బాకీ తీర్చకుండా కంపెనీ మూసేసి పారిపోతే లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా వెయ్యొచ్చని 2024లో చట్టం మార్చారు. యజమానులకు ఈ భయం ఉంది. మనమే ఆ భయాన్ని వాడుకోవడం లేదు.

కేసు నడుస్తుంటే పొట్ట గడిచేదెట్లా?

అసలు ప్రశ్న ఇది. చట్టం ఎంత మంచిదైనా నెలకు ఇంటికి పంపాల్సిన డబ్బు, ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఆగవు. తగవు వల్ల జీతం ఆగిపోతే రెండు నెలల దాకా జీతం ఇస్తూ ఉండమని యజమానిని ఆదేశించే అధికారం మంత్రిత్వ శాఖకు ఉంది. ఫిర్యాదు పెట్టేటప్పుడే ఈ మాట అడగండి. అడగనిదే ఎవరూ గుర్తుచెయ్యరు.

2023 జనవరి నుంచి వచ్చిన ఉద్యోగ నష్టం బీమా కూడా ఉంది. బేసిక్ 16,000 దిర్హాములలోపు ఉన్నవాళ్లు నెలకు 5 దిర్హాములు కడతారు. వరుసగా 12 నెలలు కట్టి, మన తప్పు లేకుండా ఉద్యోగం పోతే, బేసిక్‌లో 60 శాతం చొప్పున మూడు నెలల దాకా వస్తుంది. ఉద్యోగం పోయిన 30 రోజుల్లో అడగాలి. "నెలకు ఐదు దిర్హాములు దండగ" అని విసుక్కునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఈ సమయంలో చెయ్యకూడని పనులు కొన్ని ఉన్నాయి.

డ్యూటీ మానొద్దు. ఎవరికీ చెప్పకుండా వరుసగా 7 రోజులకు మించి పనికి రాకపోతే "పని వదిలి పారిపోయాడు" అని కంపెనీ ఫిర్యాదు చెయ్యొచ్చు. న్యాయం మన పక్కన ఉన్నా అప్పుడు మనమే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. అట్లాంటి ఫిర్యాదు పడితే వెంటనే మంత్రిత్వ శాఖ దగ్గర అభ్యంతరం పెట్టండి. యజమాని ఒప్పందం తప్పాడని పని మానెయ్యాలనుకుంటే, 14 పనిదినాల ముందు మంత్రిత్వ శాఖకు తెలియజెయ్యాలి. ఆ లోపు యజమాని సరిదిద్దుకోకపోతే నోటీసు లేకుండా మానొచ్చు, హక్కులు పోవు.

అనుమతి లేకుండా వేరేచోట పని చెయ్యొద్దు. "ఖల్లివెల్లి అయితే రోజుకు నూరు దిర్హాములు వస్తయి" అని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఒక్కసారి ఆ దారి పట్టాక ఏ ఆఫీసుకూ ధైర్యంగా పోలేం.

గుంపుగా పని ఆపి గేటు ముందు కూర్చోవద్దు. మన ఊళ్లో ధర్నాకూ ఇక్కడి ధర్నాకూ చాలా తేడా ఉంది. కంపెనీ పేరు, ముదీర్ ఫోటో పెట్టి తిడుతూ వీడియోలు చెయ్యొద్దు. ఇక్కడి సైబర్ చట్టం గట్టిది. బాకీ అడగబోయి పరువునష్టం కేసులో చిక్కుకుంటాం. ఎవరికి వాళ్లు ఫిర్యాదు పెట్టడమే ఇక్కడ పనిచేసే ఆయుధం.

కాగితమే సాక్షి

మేము రోజూ టైమ్‌షీట్ల మీద సంతకాలు పెట్టేవాళ్లం. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో ముందుగా రాసేది మేమే. నెలాఖరుకు ఆఫీసులో ఆ గంటలు తగ్గిపోవడం కూడా మాకు తెలియనిది కాదు. ఓవర్‌టైముకు బేసిక్ లెక్కన గంట జీతం మీద 25 శాతం అదనంగా ఇవ్వాలి. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య అయితే 50 శాతం. 1,000 బేసిక్ ఉన్నవాడికి గంట జీతం 4 దిర్హాముల చిల్లర, ఓవర్‌టైము గంటకు 5 దిర్హాముల పైన. రోజుకు రెండు గంటలు, నెలకు 26 రోజులు అంటే దాదాపు 270 దిర్హాములు. ఏడాదికి 3,000 దాటుతుంది. చూడటానికి చిన్నది, పోగేస్తే ఇంటి స్లాబుకు సిమెంటు వస్తుంది.

అయినా అధికారి ముందు "రోజూ ఓవర్‌టైము చేసిన సార్" అంటే చాలదు. ఏ రోజు ఎన్ని గంటలో చెప్పాలి. అందుకే ప్రతి కార్మికుడూ ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోవాలి. తారీకు, సైటు పేరు, ఎక్కిన టైము, దిగిన టైము, ఆ రోజు ఫోర్‌మన్ ఎవరు. తెలుగులో రాసుకున్నా ఫరవాలేదు. రోజువారీగా రాసిన పుస్తకానికి ఉన్న విలువ, కేసు ముందురోజు కూర్చుని రాసిన లెక్కకు ఉండదు. కంపెనీ రికార్డులు ఫోటోలు తీసి పెట్టుకోవడం వేరే తలనొప్పి తెస్తుంది. మీ పుస్తకం మీది. దాన్ని ఎవరూ కాదనలేరు.

రెండోది ఒప్పందం. వచ్చేముందు సంతకం పెట్టిన ఆఫర్ లెటర్, ఇక్కడ మంత్రిత్వ శాఖలో నమోదైన ఒప్పందం ఒకటేనా చూసుకోండి. 2016 నుంచి ఆఫర్ లెటర్ అరబ్బీ, ఇంగ్లిష్‌తో పాటు కార్మికుడికి తెలిసిన మరో భాషలో ఇచ్చే పద్ధతి వచ్చింది. అప్పుడు ఇచ్చిన భాషల జాబితాలో హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి మనవాళ్లు హిందీదో ఉర్దూదో అడిగి, చదవగలిగినవాళ్లతో చదివించుకుని సంతకం పెట్టాలి. చూడాల్సిన గీత ఒక్కటే: బేసిక్ ఎంత? ఏజెంటు "పద్నాలుగు వందల జీతం" అంటాడు. కాగితంలో బేసిక్ 600, మిగతావి అలవెన్సులు అని ఉంటుంది. గ్రాట్యుటీ, ఓవర్‌టైము, సెలవు డబ్బు అన్నీ బేసిక్ మీదే లెక్క కడతారు. అక్కడ పోగొట్టుకున్నది ఏ కోర్టూ తిరిగి ఇప్పించలేదు.

మూడోది జీతం కార్డు. 2009 నుంచి ఇక్కడ జీతాలు బ్యాంకు లేదా ఎక్స్ఛేంజి ద్వారా పడే వ్యవస్థ ఉంది. జీతం పడని నెల ఆ లెక్కలో ఖాళీగా కనిపిస్తుంది. కార్మికుడికి అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. ఎక్స్ఛేంజికి పోయి స్టేట్‌మెంటు తీసుకోండి. కార్డు, పిన్ నంబరు ఫోర్‌మన్ చేతికో క్యాంపు బాసు చేతికో ఇవ్వొద్దు. కార్డులో పడిన జీతంలో కొంత తిరిగి నగదుగా ఇమ్మనేవాళ్లూ ఉన్నారు. ఇచ్చిన రోజు, ఇచ్చిన మొత్తం, తీసుకున్న మనిషి పేరు నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.

నాలుగోది పాస్‌పోర్టు. కార్మికుడి కాగితాలు యజమాని దగ్గర పెట్టుకోకూడదని చట్టమే చెబుతోంది. కనీసం ప్రతి పేజీ ఫోటో మీ ఫోనులో, ఇంట్లోవాళ్ల ఫోనులో ఉండాలి.

ఇంటికి పోయాక గుర్తొస్తే?

2020లో కరోనా వచ్చినప్పుడు వేలమంది రావలసిన సొమ్ము వదిలేసి ఉన్నపళంగా ఇళ్లకు పోయారు. అప్పటి చట్టంలో దావా వెయ్యడానికి గడువు ఒక్క ఏడాదే. ఊరికి చేరి, క్వారంటైను ముగిసి, మళ్లీ విమానాలు తిరిగేసరికే ఆ ఏడాది కరిగిపోయింది. వాళ్లలో కొందరు ఇప్పటికీ ఫోను చేసి "మా పైసలు వస్తయా అన్నా" అని అడుగుతారు. జవాబు చెప్పడం కష్టం.

2024లో మారిన చట్టం ప్రకారం ఇప్పుడు ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది. ఈ లోపు ఇండియా నుంచి కూడా కేసు నడపొచ్చు. ఇక్కడున్న నమ్మకమైన మనిషికి గానీ వకీలుకు గానీ పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇవ్వాలి. దానికి మన దగ్గర నోటరీ, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, యుఎఇ ఎంబసీ ముద్రలు పడాలి. ఇక్కడికి వచ్చాక అరబ్బీ అనువాదం. ఊరికీ హైదరాబాదుకూ తిరుగుళ్లు, ఏజెంట్ల ఖర్చులు.

పైన చెప్పిన తొమ్మిది మందిలో ఒకాయన ఈ దారి పట్టాడు. ముద్రలు పడటానికే నెలలు పట్టింది. ఇక్కడ కంపెనీ మాత్రం ఆయన సంతకం పెట్టిన కాగితం చూపించి "అన్నీ ఇచ్చేశాం" అంటోంది. ముట్టలేదని చూపించే బరువు ఆయన మీద పడింది. జీతం కార్డు స్టేట్‌మెంటు ఉంది కాబట్టి ఆ మూడు నెలల జీతం మీద ఆశ ఉంది. ఇక్కడుండగా ఒక ఫోనుతో మొదలయ్యే పనికి అక్కడినుంచి ఇంత తతంగం. అందుకే టికెట్టు చేతికి వచ్చినా సరే, ముందు ఫిర్యాదు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో బాకీలన్నీ తీర్చడం యజమాని బాధ్యత అని చట్టంలో ఉంది. ఆ మాట మర్యాదగా గుర్తుచెయ్యండి.

కాన్సులేటు ఏం చేస్తుంది?

దుబాయిలోని భారత కాన్సులేటులో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. యుఎఇ లోపల ఉచిత నంబరు 80046342. ఎటు పోవాలో చెబుతారు, న్యాయ సలహా ఇప్పిస్తారు, కంపెనీతో మాట్లాడతారు. మరీ ఇబ్బందిలో ఉన్నవాళ్లకు 2009లో పెట్టిన ప్రవాస భారతీయ సంక్షేమ నిధి నుంచి టికెట్టు లాంటి సాయం అందొచ్చు. ఇంట్లోవాళ్లు ఇండియా నుంచి "మదద్" పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చెయ్యొచ్చు.

అయితే కాన్సులేటు కోర్టు కాదు. జీతం ఇప్పించమని కంపెనీని ఆజ్ఞాపించే అధికారం దానికి లేదు. ఆ అధికారం ఉన్నది లేబర్ ఆఫీసుకు, కోర్టుకు. "కాన్సులేటులో చెప్పినం, వాళ్లే చూసుకుంటరు" అని లేబర్ ఆఫీసు మానేస్తే గడువు కరిగిపోతుంది. రెండు చోట్లా చెప్పాలి.

సాటి సూపర్‌వైజర్లకు ఒక మాట

మనం కార్మికుడికీ ఆఫీసుకూ నడుమ నిలబడినవాళ్లం. ఆఫీసు మనకు జీతమిస్తుంది, కార్మికుడు మనల్ని "అన్నా" అంటాడు. వాళ్ల తరఫున జెండా పట్టుకోమని ఎవరూ అనడం లేదు. మన ఉద్యోగాలూ మనకు కావాలి, మన పిల్లల ఫీజులూ మన మీదే ఉన్నాయి. కానీ మూడు పనులు చేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. జరిగిన గంటలు జరిగినట్టు రాయడం. చదువురానివాడు కాగితం తెస్తే అందులో ఏముందో ఉన్నదున్నట్టు చదివి చెప్పడం. ఫిర్యాదు నంబరు అడిగితే దాచకుండా ఇవ్వడం. మనం డిప్లొమా చదివిన చదువుకు ఇంతకంటే మంచి ఉపయోగం సైటులో రోజూ దొరకదు.

గుర్తుపెట్టుకోండి

* లెక్క చూడకుండా, డబ్బు చేతికి రాకుండా "అన్నీ ముట్టాయి" అన్న కాగితం మీద సంతకం వద్దు.
* ఫిర్యాదు నంబరు 80084. కాన్సులేటు సహాయ కేంద్రం 80046342.
* 50,000 దిర్హాములలోపు తగవు మంత్రిత్వ శాఖే తేలుస్తుంది. నచ్చకపోతే 15 పనిదినాల్లో కోర్టుకు.
* లక్ష దిర్హాములలోపు కేసుకు కోర్టు ఫీజు లేదు.
* దావాకు గడువు ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్లు.
* తీర్పు తర్వాత డబ్బు రాకపోతే ఎగ్జిక్యూషన్ ఫైలు మీరే తెరిపించాలి.
* నోటుబుక్కు, ఒప్పందం, జీతం కార్డు స్టేట్‌మెంటు, పాస్‌పోర్టు ఫోటోలు: ఈ నాలుగూ ఉంటే మీ కేసు సగం గెలిచినట్టే.

ఈ పేజీని కత్తిరించి క్యాంపు నోటీసు బోర్డు పక్కన అంటించినా మంచిదే. చదవలేనివాళ్లకు రాత్రి అన్నాలయ్యాక ఒకరు చదివి వినిపించండి.